బూడిద పక్షి మీద పెద్దమ్మ తీర్పు

మా పెద్దమ్మ పోయి నెల కూడా కాలేదు, ఇర్ఫాన్ హైదరాబాద్ నుంచి పరామర్శకు వచ్చాడు, వెంట కూతురు జోయాను తీసుకుని. పరామర్శకు వచ్చేవాళ్ళు మామూలుగా డజను అరటిపళ్ళు తెస్తారు, ఎట్లా జరిగిందని అడుగుతారు, గోడ మీది ఫోటో వైపు చూసి నిట్టూరుస్తారు. ఇర్ఫాన్ ఇవన్నీ పద్ధతిగా చేశాడు. చేసి, టీ తాగి, కప్పు పక్కన పెట్టి, సంచిలోంచి పాత కార్డుల కట్ట తీసి బల్ల మీద ఉంచాడు. "నీ దగ్గరియి ఉన్నయా సుధా, పారేసినవా?" అని అడిగాడు. నలభై దాటిన మనిషి, సగం నెరిసిన గడ్డం, నలుగురు సార్ అని పిలిచే ఉద్యోగం. అడిగిన తీరు మాత్రం చిన్నప్పుడు నా పెన్సిలు కాజేసి ఏమీ ఎరగనట్టు నిలబడినప్పటిలాగే ఉంది.

"ఎందుకు పారేస్త?" అని లోపలికి వెళ్ళి బీరువాలో చీరల కింద నుంచి నా కట్ట తెచ్చాను. జోయా ఆ కార్డులను చూసి కుర్చీ అంచుకు జరిగింది. ఆ పిల్ల ఇప్పుడు ఇలాంటి ఆటే ఆడుతుందట. హైదరాబాద్‌లో పోటీలు జరుగుతాయట, అక్కడ గొడవ వస్తే తీర్పు చెప్పడానికి మెడలో బిళ్ళ వేసుకున్న జడ్జి ఉంటాడట. "మీకు అప్పుడు జడ్జి ఎవరు ఆంటీ?" అని అడిగింది. నేనూ ఇర్ఫానూ ఒకేసారి గోడ మీది ఫోటో వైపు చూశాం.

పెద్దమ్మ అంటే మా పెద్దబాపు భార్య, నాన్నకు వదిన. మా అమ్మ మొగుడంపల్లి బడిలో టీచరు. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి గాని తిరిగి వచ్చేది కాదు. కాబట్టి నన్ను తల దువ్వి, తిట్టి, తినిపించి పెంచింది పెద్దమ్మే. పెద్దబాపుది అల్లం వ్యాపారం. మా ఇంటి వరండాలో ఎప్పుడూ అల్లం బస్తాలు ఉండేవి. తడి మట్టి వాసన, దాని మీద అల్లం ఘాటు. నా పుస్తకాలు, నా గౌన్లు, చివరికి నా జడ రిబ్బన్లు కూడా ఆ వాసనే వేసేవి. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల తనకు రోజూ టీ తాగాలని అనిపిస్తోందని ఫిర్యాదు చేసింది కూడా. ఆ బస్తాల మధ్య నేల మీద ఒక చాప పరిచేంత ఖాళీ ఉండేది. అదే మా ఆటస్థలం. గోడకు అవతలి ఇల్లు ఇర్ఫాన్ వాళ్ళది. వాళ్ళ నాన్న హైవే మీద లారీలకు రంగులు వేసేవారు. వాడు వాళ్ళింట్లో నిద్రపోయేవాడు, మిగతా కాపురమంతా మా ఇంట్లోనే.

కార్డులు వచ్చింది ఇర్ఫాన్ వాళ్ళ మేనమామ, మామూ వల్ల. ఆయన షార్జా నుంచి వస్తూ ఒక డబ్బా తెచ్చి, చాప మీద కూర్చున్న మా ఇద్దరి మధ్య పెట్టి, "ఇద్దరు ఆడుకోండ్రి" అని వెళ్ళిపోయాడు. అది ఎవరిదో చెప్పలేదు. పెద్దవాళ్ళు ఇలాంటి ఒక్క మాట మింగేస్తే పిల్లలు ఎన్నేళ్ళు కొట్టుకోవాలో వాళ్ళకేం తెలుసు? డబ్బాలో రాక్షసులు, మంత్రగాళ్ళు, కోటలు, పక్షులు, పాములు. ప్రతి కార్డు కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో దాని శక్తి. ఆట ఎలా ఆడాలో చెప్పే కాగితం మాత్రం లేదు. దారిలో ఎక్కడో జారిపోయిందో, మామూ పొట్లం కట్టుకున్నాడో తెలియదు. డిక్షనరీ ముందు పెట్టుకుని, సగం చదివి, సగం ఊహించి, మిగిలింది అరుచుకుని ఆట తయారు చేసుకున్నాం. కార్డులను చెరి సగం పంచుకుని ఆడేవాళ్ళం. ఒకరి రాక్షసుడు ఇంకొకరిని కొడతాడు, అడ్డం పెట్టడానికి ప్రాణి లేకపోతే దెబ్బ నేరుగా మనకే తగులుతుంది, అలా తగిలితే ఓడిపోయినట్టు. ఇంతవరకు ఏ గొడవా లేదు. గొడవంతా రెండు కార్డులు ఒకదానితో ఒకటి తగువు పడ్డప్పుడే వచ్చేది.

మొదటి పెద్ద తగువు నాకింకా గుర్తుంది. నేను ఇర్ఫాన్ పాము మీద పిడుగు వేశాను. వాడు వెంటనే దానికి డాలు కార్డు వేశాడు. ముందు వేసింది నేను కాబట్టి ముందు పిడుగే పడాలని నేను, పడకముందే డాలు వచ్చింది కదా అని వాడు. అరుపులు వంటింటిదాకా వెళ్ళాయి. మేమూ వెనకే వెళ్ళాం. పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. ఆమె రొట్టె తడుతుంటే ఆ దెబ్బలకు మా మాటలు వినబడేవి కావు. పెనం మీదిది తీసి బుట్టలో దొంతి మీద వేసి, ఎవరు ముందు వేశారు, ఎవరు తర్వాత వేశారు అని మాత్రం అడిగింది. అడిగి, దొంతి వైపు చెయ్యి చూపించింది.

"మీదున్న రొట్టె తియ్యకుండ కిందిది ఎట్ల తింటరు? ఆఖరుకు ఏసినోనిది ముందు తెగాలె. అయినంక కిందిది. పోన్రి, నెత్తి తినకుండ్రి."

అంతే. డాలు నిలబడింది, పాము బతికింది, నేను ఏడ్చాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ సూత్రానికి తిరుగులేదు. ఎన్ని కార్డులు ఒకదాని మీద ఒకటి వేసినా పై నుంచి తెంపుకుంటూ కిందికి దిగేవాళ్ళం.

పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. రావాల్సిన అవసరం ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కార్డులన్నింటినీ బొమ్మలను బట్టి గుర్తుపట్టేది, తనకు తోచిన పేర్లు పెట్టేది. రెక్కల నుంచి పొగలు వచ్చేది బూడిద పక్షి, నాలుగు చేతులవాడు, వీడెలాంటివాడో అంతుపట్టక, ఎసొంటోడు, తెల్లగడ్డం మంత్రగాడు మా పెద్దబాపు. నిద్రపోయే రాక్షసుడి తీర్పు కూడా అంతే తేలికగా వచ్చింది. దాడి చేసిన రాక్షసుడు తర్వాతి వంతుదాకా నిద్రపోతాడు. నిద్రలో ఉన్నప్పుడు వాడి శక్తి పనిచేస్తుందా లేదా అని మాకు సందేహం. మధ్యాహ్నం భోజనం చేసి మంచం మీద గురక పెడుతున్న పెద్దబాపును పెద్దమ్మ చూపించింది. "మీ పెద్దబాపు పండుకున్నడని అల్లం రేటు మారుతదా? ఆయన పొద్దుగాల చెప్పిందే రేటు. నిద్ర లేసినంక మారుస్తె మారుస్తడు." పెద్దబాపు గురక ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. తీర్పు ఆయనకూ నచ్చినట్టే ఉంది.

అన్నీ సరైన తీర్పులేనని చెప్పను. ఎదుటివాళ్ళ ప్రాణిని మన వైపు లాక్కునే మంత్రం ఒకటి ఉండేది. అలా లాక్కున్నది చనిపోతే ఎవరి కట్టలోకి వెళ్ళాలి? అది మొదట నాది కాబట్టి నాకే రావాలని నేను వాదించాను. పెద్దమ్మ పొయ్యి ముందు నుంచి లేచి నిలబడింది. ఆమెకు అంత కోపం రావడం చూసి ఇర్ఫాన్ తన వైపు న్యాయం ఉన్నా భయపడి నా వెనక్కి చేరాడు. "రాయికోడు కెల్లి ఈ ఇంటికి వచ్చి ఎన్నేండ్లాయె నేను? ఈడ వండిన, ఈడ కన్న, ఈడ ముసలిదాన్నయితున్న. రేపు పోతె నన్ను మల్ల రాయికోడుకు తోల్తరా? ఏడ పని చేసిందో ఆడనే ఉంటది." లాక్కున్న ప్రాణి లాక్కున్నవాడిదే అయిపోయింది. ఇప్పుడు జోయా ఇది విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది తప్పు ఆంటీ. కార్డు ఎవరిదో వాళ్ళకే పోవాలె. మీరు అన్నేండ్లు తప్పు ఆడిన్రు." తప్పే కావచ్చు. మొన్న పెద్దమ్మను ఇక్కడే, జహీరాబాద్‌లోనే సాగనంపాం. రాయికోడు నుంచి వచ్చిన వాళ్ళ తమ్ముళ్ళు కూడా అదే సరైందన్నారు.

జోయా ఫోనులో ఏ తగువైనా చిటికెలో తేల్చేస్తుంది. రెండు కార్డుల పేర్లు కొడితే చాలు, జవాబు వచ్చేస్తుంది. దాన్ని చూస్తే ముచ్చటేసింది, జాలి కూడా వేసింది. మాకు ఒక్కో తీర్పుకు రొట్టె కాలేంత సేపు పట్టేది. ఈ లోపల అల్లిన వాదనలు, పెట్టిన ఒట్లు, పెద్దమ్మను మంచి చేసుకోవడానికి బిందెతో మోసిన నీళ్ళు, అదంతా ఆటలో భాగమే. నియమాల కోసం ఆడామా, పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తడం కోసం ఆడామా అంటే ఇప్పుడు కూడా చెప్పలేను.

ఏడో తరగతికి ఇర్ఫాన్‌ను హైదరాబాద్ హాస్టల్లో వేస్తున్నారని తెలిసింది. వాడికన్నా ముందు నాకే జ్వరం వచ్చింది. తగ్గాక లేచి కూర్చుని అడిగిన మొదటి మాట, "కార్డులు ఎవరియి?" ఆ డబ్బా సగం చేస్తే ఎవరి సగంతోనూ ఆట సాగదు. వాడికి మొత్తం కావాలి. హాస్టల్లో ఒక్కడు కూడా తెలిసినవాడు లేడు. కార్డులుంటే నలుగురు పిల్లలు చుట్టూ చేరతారని వాడి ఆశ. నాకూ మొత్తమే కావాలి. నా భయం వేరు. కార్డులు వాడితో వెళ్ళిపోతే వాడు ఇంక మా వరండాకు రాడు. నాకు ఉన్న స్నేహితుడు వాడొక్కడే. మిగతా పిల్లలకు నేనంటే అల్లం వాసన.

చివరికి ఒక్క ఆట ఆడి తేల్చుకుందామని అనుకున్నాం. గెలిచినవాళ్ళకు డబ్బా మొత్తం. వాడు బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం చాప పరిచాం. బస్తాలు ఆ రోజే లారీకి ఎత్తారు, వరండా అంతా మట్టి. ఎప్పుడూ లేనిది ఇద్దరం అరుచుకోకుండా ఆడాం. ఆట చివరికి వచ్చేసరికి నాకు అడ్డంగా మిగిలింది ఒక్క బూడిద పక్షి. దాని శక్తి ఏమిటంటే, చచ్చిన మరుక్షణం మళ్ళీ లేచి వస్తుంది. వాడి వైపు నాలుగు చేతుల రాక్షసుడు దాడికి సిద్ధంగా ఉన్నాడు. తన వంతు రాగానే ఇర్ఫాన్ ముళ్ళకోట వేశాడు. ఆ కోట నిలబడి ఉన్నంతసేపు ఎదుటి పక్షంలో ఉన్న ప్రాణి, కొత్తగా వచ్చే ప్రాణి, అన్నీ అక్కడికక్కడే చస్తాయి. పక్షి చచ్చింది. లేచింది. లేవగానే కోట చంపింది. మళ్ళీ లేచింది. మళ్ళీ చచ్చింది. నేను కార్డును తీసి పెడుతూ, తీసి పెడుతూ, చెయ్యి నొప్పి పుట్టి ఆగిపోయాను. పక్షి బతికి ఉందా చచ్చిందా చెప్పలేం. చెప్పలేకపోతే రాక్షసుడు కొట్టడానికి లేదు. ఆట ముందుకూ పోదు, వెనక్కీ పోదు.

పెద్దమ్మను కేకేశాం. ఆమె గిన్నెలో రొట్టెలు, పల్లీల చట్నీ పెట్టుకుని వచ్చింది. ఇర్ఫాన్ వెనక నిలబడి, వాడి తల మీదుగా చాప వైపు చూస్తూ మా ఇద్దరి మాటా విన్నది. ఎప్పుడూ మా మాట పూర్తికాకముందే తీర్పు చెప్పే మనిషి ఆ రోజు కార్డులను ఒక్కొక్కటిగా చూస్తూ పోయింది. దొంతి సూత్రం ఇక్కడ పనికిరాదు. ఇక్కడ పై రొట్టె తీస్తే మళ్ళీ పై రొట్టె వచ్చి కూర్చుంటోంది. ఇర్ఫాన్ తల ఎత్తకుండా చేతిలోని కార్డులనే చూస్తున్నాడు. పెద్దమ్మ గిన్నె కింద పెట్టి వాడి నెత్తి మీద చెయ్యి వేసింది.

"ఈ ఆట ఒడవలే. ఒడవని ఆటల గెలుసుడు లేదు, ఓడుడు లేదు. ఎవరి చేతుల కార్డులు ఆళ్ళే దాసుకోవాలె. ఒకరియి ఒకరు చూడొద్దు. పిలగాడు సెలవులకు వస్తడు కద, అప్పుడు చూద్దాం. ఇగ తినుండ్రి."

ఆట ముగియలేదన్న ఆ తీర్పుతో ఇర్ఫాన్ సగం కార్డులు తీసుకుని హాస్టల్‌కు వెళ్ళాడు. సెలవులు వచ్చినప్పుడల్లా, ముందు వాళ్ళింట్లో సంచి పడేసి, మరు నిమిషం మా వరండాలో ఉండేవాడు. చివరి ఆట కార్డులను ముట్టుకోకుండా పక్కన పెట్టి, మిగతావి కలుపుకుని వేరే ఆటలు ఆడేవాళ్ళం. ఆ పెద్ద ఆట సంగతి ఏమిటని అడిగితే పెద్దమ్మ, "ఆలోచిస్తున్న. ఫికర్ చెయ్యకుండ్రి" అనేది. వాళ్ళ కుటుంబమే హైదరాబాద్‌కు మారిపోయాక కూడా ఇర్ఫాన్ రావడం మానలేదు. డిగ్రీ చదివేటప్పుడు వచ్చాడు, పెళ్ళి కార్డు తీసుకుని వచ్చాడు, ఉయ్యాలలో వేసే వయసు జోయాను తెచ్చి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాడు. ప్రతిసారీ గడప దగ్గరే అడిగేవాడు, "పెద్దమ్మా, తీర్పు అయిందా?" ఆమె ప్రతిసారీ కాలేదనే చెప్పేది. అడిగే వాడికీ చెప్పే ఆమెకూ అదొక పలకరింపు అయిపోయింది. ఆ పలకరింపు ఇంక వినబడదని ఈసారి వాడు ఏమీ అడగకుండా గడప దాటినప్పుడు తెలిసి నాకు దుఃఖం ఆగలేదు.

మేము చెబుతుంటే జోయా బల్ల మీద మా చివరి ఆటను మళ్ళీ పరిచింది. పక్షి, కోట, రాక్షసుడు. ఫోను తీసి ఒక్క చూపు చూసి, "ఇట్ల ఎవ్వరు ఆపలేకుంట తిరుగుతనే ఉంటే అది డ్రా అంకుల్... సారీ, పప్పా. డ్రా. సమానం" అంది. ఆటల ధ్యాసలో తండ్రిని కూడా మరిచిపోయే పిల్ల. సమానం అన్న మాట వినగానే నాకు ఏదో ఖాళీ అయినట్టు అనిపించింది. ఇంతకాలం తెగకుండా ఉన్నదాన్ని ఇంత తేలికగా తెంపేసింది. తర్వాత జోయా ఇర్ఫాన్ చేతి కార్డుల రబ్బరు బ్యాండు విప్పింది. అది ఎండిపోయి ముక్కలైంది. ఒక్కో కార్డూ చూసుకుంటూ వచ్చి, ఒక చోట ఆగిపోయింది.

"పప్పా, ఇదేంది? సమాధి మీద బండ. చచ్చినోళ్ళు మళ్ళ లేవకుంట ఆపే కార్డు. ఇది నీ చేతుల్నే ఉంది కద! ఇది ఏస్తే పక్షి లేవదు. ఆంటీకి అడ్డం ఎవ్వరు లేరు. రాక్షసుడు ఒక్క దెబ్బ కొడితే నువ్వు గెలుస్తుంటివి!"

ఆ కార్డు నాకు తెలుసు. ఏ సెలవుల్లోనూ కనబడకపోతే, హాస్టల్లో ఎవడో కొట్టేశాడని ఇర్ఫాన్ చెప్పాడు, నేను నమ్మాను. నా పెన్సిళ్ళు కాజేసినవాడి మాట ఎలా నమ్మానో! వాడి వైపు చూశాను. చెవులు ఎర్రబడ్డాయి, గడ్డం కింద కూడా సిగ్గు కనబడుతోంది.

"పెద్దమ్మ చూసింది" అన్నాడు నెమ్మదిగా. "నా ఎనుకనే నిలవడ్డది కద. ఆమెకు బొమ్మలన్ని ఎరుకనే. నేను దాన్ని సగం బయటికి తీసిన, మల్ల లోపల పెట్టిన. గప్పుడే నెత్తి మీద చెయ్యి పెట్టి ఒడవలే అన్నది."

"మొత్తం కార్డులు నీకే వస్తుండె కదరా. హాస్టల్ల పిల్లలందరు దగ్గరికి వస్తరంటివి."

"వస్తుండిరి. కాని గెలిస్తే మల్ల మీ ఇంటికి ఏం పని మీద రావాలె?"

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చాను. కొత్త ఊరు, తెలియని పిల్లలు, అంత భయం పెట్టుకుని, చేతిలో గెలుపు పెట్టుకుని, చిన్నపిల్లవాడు నోరు మూసుకుని కూర్చున్నాడు. నేనేమో నా పక్షి చావనందుకు మురిసిపోతూ రొట్టె తిన్నాను. అంత ప్రేమ నా ఎదురుగా చాప మీద కూర్చుని ఉంటే నాకు కనబడలేదు. పెద్దమ్మకు కనబడింది. కనబడి, ఒక్కరికీ చెప్పకుండా తనతో తీసుకుపోయింది.

ముక్కు తుడుచుకుని, వాడికి రావలసింది వాడికి ఇచ్చేద్దామని చెయ్యి చాచి, ఆ బండ కార్డు తీసి నా పక్షి మీద పెట్టాను. "ఓడిపోయిన. తీసుకపో డబ్బా" అన్నాను.

జోయా వెంటనే కార్డు తీసేసింది. "ఎదుటోళ్ళ కార్డు మీరు ఏస్తే చెల్లదు ఆంటీ. ఏసేటోళ్ళే ఏయాలె. అది కూడ వాళ్ళ వంతుల్నే ఏయాలె." దాన్ని తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టింది. "చెప్పుండ్రి. ఇప్పుడు వంతు ఎవరిది?"

కోట వేసింది ఇర్ఫాన్. వంతు వాడిదే. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"సుధది" అన్నాడు కూతురితో, నా ముఖం వైపు చూడకుండా.

జోయా నా వైపు తిరిగింది. ఇర్ఫాన్ ఆ కార్డును మిగతావాటి మధ్యలోకి తోసి, కట్టను బోర్లించి పట్టుకున్నాడు.

"నాదే బిడ్డా" అన్నాను. "జర ఆలోచించుకోవాలె. టైం పడతది."